నా కట్ట ఏదీ?

జూన్ 4

అక్కా,

ముందు చేతులు కడుక్కుని ఈ కవరు చింపు. పోయినసారి నీ ఉత్తరం విప్పితే నా బల్ల మీదంతా తెల్లటి ప్లాస్టరు పొడి రాలింది. నేను పళ్ళసెట్లు చేసేదాని చెల్లెల్నని ప్రెస్సులో అందరికీ తెలిసిపోయింది. ఇప్పుడు మా ఫోర్‌మన్ రోజూ నా దగ్గరకొచ్చి నోరు తెరిచి, వెనక పన్ను కదులుతోంది, మీ అక్కని అడగండి అంటున్నాడు.

నవల పూర్తయింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రెస్సులో అచ్చయ్యే మందుల డబ్బాల మీద తప్పులు దిద్ది, గదికి వచ్చి రాసుకుంటూ ఇన్నాళ్ళకి ముగించాను. నేను పెరిగిన, నువ్వు ఇప్పటికీ పని చేస్తున్న మన బిల్డింగు మీదే. నాలుగు కథలు. మొదటి అంతస్తులో నీ డాక్టరుగారిది ఒకటి. మెట్ల కింద మిషను వేసుకున్న టైలరుది ఒకటి. రెండో అంతస్తులో టైపు నేర్పే మేడమ్‌ది ఒకటి. డాబా గదిలో ఉండే రిటైరైన రైలు గార్డుగారిది ఒకటి. ఏ కథకి ఆ కథ పూర్తి. కానీ మెట్లు ఒకటే కదా. ఒకరి కథలో దగ్గుతూ పైకి వెళ్ళిన మనిషి ఇంకొకరి కథలో గది తలుపు తీసుకుంటాడు. నాలుగూ చివరికి ఒకే రోజుకి వస్తాయి. గేటు రోజుకి.

గుర్తుందిగా? ఓనరు బిల్డింగు ఖాళీ చేయించడానికి లారీనీ మనుషుల్నీ పంపిన రోజు. ఎవరో కింద ఇనప గేటుకి లోపలినుంచి తాళం వేసేశారు. వాళ్ళు బయట అరిచి అరిచి పోయారు. మర్నాడు కోర్టు ఆర్డరు వచ్చింది, అందరూ ఉండిపోయారు. తాళం ఎవరు వేశారో ఈ రోజుకీ తెలీదు. పోయినసారి వచ్చినప్పుడు నలుగుర్నీ కూర్చోబెట్టి అడిగాను. ముగ్గురు ఇంకొకరి వైపు వేలు చూపించారు. డాక్టరుగారు నవ్వి ఊరుకున్నారు. నేను దాన్ని అలాగే వదిలేశాను. నవలలో కూడా ఎవరికీ తెలీదు.

పబ్లిషరు చదివి పెదవి విరిచాడు. "ఇది నవలా కాదు, కథల పుస్తకమూ కాదు. నవలంటే ఒకడుండాలండీ, వాడి వెనకాల మనం నడవాలి" అన్నాడు. మా మెట్ల మీద ఎవరి వెనకా ఎవరూ నడవలేదండీ, ఎదురుపడేవాళ్ళు అన్నాను. ఆలోచించుకు రమ్మన్నాడు. ఆలోచించేదేమీ లేదు. మార్చను.

బతికున్న మనుషులు కనక వాళ్ళ ఒప్పుదల కావాలి. నాలుగు కట్టలు పంపుతున్నాను. ఎవరి కట్ట వాళ్ళకే ఇయ్యి. ఒకరిది ఒకరికి చూపించకు. నువ్వు కూడా తొంగి చూడకు, అచ్చయ్యాక చదువుదువుగాని.

నీ
చెల్లి


జూన్ 13

పుస్తకాల పురుగుకి,

చేతులు కడుక్కునే రాస్తున్నాను. ఆ ఫోర్‌మన్‌తో చెప్పు, కదిలే పన్ను ఉత్తరంలో బాగవదు.

కట్టలు పంచేశాను. డాక్టరుగారు ఒక పేషెంటు నోట్లో పత్తి కుక్కి, ఇప్పుడే వస్తానని లోపలికెళ్ళి, తలుపు వేసుకుని మొత్తం చదివారు. ఆ మనిషి కుర్చీలోంచి నాకు చేతులూపుతూనే ఉన్నాడు, నేనే వెళ్ళి పత్తి తీశాను. ఆయన బయటికొచ్చి "మీ చెల్లెలు నా మీద నవల రాసిందమ్మా" అన్నారు. అప్పట్నుంచి వచ్చిన ప్రతివాళ్ళకీ, నోరు తెరిపించి, అడ్డు చెప్పలేని సమయం చూసి, ఇదే సంగతి చెప్తున్నారు.

టైలరు తన కథని మిషను మీద పెట్టుకుని వారం రోజులుగా చదువుతున్నాడు. "నన్ను హీరోని చేసింది చూశావా పళ్ళక్కా" అని పుస్తకం విడుదలకి తొడుక్కోడానికి తన కొలతలు తనే తీసుకుంటున్నాడు. వీపు కొలత అందక నన్ను పిలిచాడు. టైపు మేడమ్ నీ కాగితాల్లో తప్పులు దిద్ది, మళ్ళీ నీటుగా కొట్టి, ఆ తర్వాత ఏడ్చింది. "నా బతుకు ఇంతుందని నాకే తెలీదే" అంది. గార్డుగారు నేను చేసిన సెట్టు తీసి గ్లాసులో వేసి మరీ చదివారు. చదివేటప్పుడు పళ్ళు అడ్డమట.

మొత్తానికి నలుగురూ ఆ నవల తమదే అనుకుంటున్నారు. నలుగురు హీరోలు ఒకే మెట్ల మీద ఎదురుపడుతున్నారు, ఒక్కరూ పక్కకి తప్పుకోవడం లేదు. నువ్వు ఒకరిది ఒకరికి చూపించొద్దన్నావు కనక నేను నోరు కుట్టేసుకుని తిరుగుతున్నాను.

ఇక్కడ ఎండలు తగ్గాయి. ప్లాస్టరు ఆరడానికి టైము పడుతోంది.

ఒక మాట. నా కట్ట ఏదీ? నాలుగే వచ్చాయి. పోస్టులో ఎక్కడైనా తప్పిపోయిందేమో కనుక్కో. తొందరేం లేదు, ఊరికే అడుగుతున్నాను.

అక్క


జూన్ 20

అక్కా,

పత్తి కుక్కిన మనిషి గురించి చదివి కడుపు పట్టుకుని నవ్వాను. పక్క గది ఆవిడ గోడ మీద కొట్టింది.

నీ కట్ట తప్పిపోలేదు. అసలు లేదు. నీ మీద విడిగా కథ రాయలేదు నేను. నువ్వు నాలుగు కథల్లోనూ ఉన్నావు కదా, ఇంక వేరే ఎందుకు?

నాకు ఇలాంటి పుస్తకాలంటే ఎందుకంత పిచ్చో చెప్తాను విను. మామూలు నవలలో హీరో రైలెక్కుతాడు. టికెట్లు చూసే మనిషి వస్తాడు, చూస్తాడు, పక్క పెట్టెలోకి పోతాడు. అంతే. ఇక అతనికి ఇల్లు లేదు, కడుపునొప్పి లేదు, ఎదురుచూసేవాళ్ళు లేరు. చిన్నప్పట్నుంచీ నేను అక్కడే ఆగిపోయేదాన్ని. హీరోని వదిలేసి ఆ మనిషి వెంట వెళ్ళాలనిపించేది. కథలు కలిసిన నవలలో అది కుదురుతుంది. రెండో కథ తెరిచేసరికి అతను ఇంటి గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ ఉంటాడు. మొదటి కథ హీరో అతనికి మొహం కూడా గుర్తులేని ప్రయాణికుడు. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంటుంది. ఇద్దరూ నిజం. ఇద్దరూ ఒకరికొకరు తెలీదు. చదివే నాకు మాత్రం ఇద్దరూ తెలుసు. ఎవరూ వేలు పెట్టి చూపించలేదు, నా అంతట నేనే పట్టుకున్నాను. ఆ సంతోషం ఒక్కడి వెనకాల నడిచే నవలలో నాకు దొరకదు. కథలు కలిసిన నవల ఎవరినీ చిన్నవాళ్ళని అనుకోనివ్వదు. అందుకే ఒకణ్ణి ముందు నిలబెట్టి మిగతావాళ్ళని వాడి చుట్టూ తిప్పమంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మొన్న పబ్లిషరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఏమన్నాడో తెలుసా? "నాలుగింట్లోనూ ఈ పళ్ళసెట్ల ఆవిడ వస్తోంది కదా, ఈవిడ కథ రాసి మధ్యలో పెట్టి, మిగతావన్నీ దండ గుచ్చెయ్యండి" అన్నాడు. కుదరదని మొహం మీదే చెప్పాను. మా అక్క దారం కాదు అన్నాను. ఎలా ఉంది దెబ్బ?

నలుగురూ సంతకాలు పెట్టారా? త్వరగా పంపు.

నీ
చెల్లి


జూలై 2

చెల్లెలికి,

సంతకాలు ఇందులో ఉన్నాయి. ఎలా వచ్చాయో చెప్తాను.

టైలరు తన కథ నీటుగా కొట్టించుకుందామని మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ కొడుతూ కొడుతూ ఆగిపోయింది. అందులో ఆవిడ ఎవరనుకున్నావు? కుట్టిన ప్రతి కోటుకీ వంకపెట్టి వెనక్కి పంపే ముక్కుమీద కోపం మనిషి. ఆవిడ తన కట్ట తెచ్చి అతని ముందు పడేసింది. దాంట్లో అతను పాఠం జరుగుతుంటే కింద గడగడా మిషను తిప్పే చప్పుడు మాత్రమే. ఇద్దరూ గార్డుగారి దగ్గరికి పంచాయితీకి పోయారు. ఆయన తన కట్టా తీశారు. చివరికి అందరూ మా వెయిటింగ్ రూములోకి దిగారు.

డాక్టరుగారు టైలరు కథ చదివారు. అందులో ఆయన, రోజూ మెట్ల దగ్గర నమస్కారం పెడితే జవాబివ్వకుండా పైకెళ్ళే మనిషి. మొహం కందగడ్డ అయింది. "నేను ఆలోచనలో ఉంటానయ్యా" అన్నారు. "ఇన్నేళ్ళ ఆలోచనేంటి సార్" అన్నాడు టైలరు. పేషెంట్లు దవడలు పట్టుకుని మరీ విన్నారు. మర్నాడు పొద్దున డాక్టరుగారు మెట్ల కింద ఆగి, తనే ముందు నమస్కారం పెట్టారు. టైలరు మిషను చప్పుడులో వినపడనట్టు తల వంచుకున్నాడు. ఆ మర్నాడు ఇద్దరూ పెట్టుకున్నారు. గార్డుగారు మాత్రం నాలుగూ చదివి, "ఇంతమంది ఇక్కడ ఉన్నారని నాకు తెలీదే" అని సంతకం పెట్టేశారు. మిగతావాళ్ళూ పెట్టారు.

నువ్వు చెప్పింది నిజమే. నీ మాట గెలిచింది. నాకూ ఒళ్ళు ఝల్లుమంది.

అప్పుడు నేనూ చదివాను. నాలుగూ. తొంగి చూడొద్దన్నావు కానీ అందరూ చదివాక నాకేంటి. డాక్టరుగారి కథలో నేను ట్రే అందిస్తాను. టైలరు కథలో మోచేతులకి పొడి అంటుకుని మెట్లు దిగుతాను. మేడమ్ కథలో కిటికీలో కనపడతాను. గార్డుగారి కథలో "నోరు తెరవండి" అంటాను, తర్వాత "మూయండి" అంటాను. అంతే నేను. నీ టికెట్టు మనిషికున్నపాటి బూట్లు కూడా నాకు లేవు.

నువ్వు వాళ్ళ నలుగుర్నీ కూర్చోబెట్టి అడిగావు. నేను పక్కనే టీ పోస్తున్నాను. నన్ను ఒక్క ప్రశ్న అడిగావా? ఆ పబ్లిషరెవరో ముక్కూమొహం తెలీని మనిషి, అతనికే అనిపించింది నాకు ఒక కథ ఉండాలని. నువ్వు కుదరదని చెప్పి వచ్చి, ఎలా ఉంది దెబ్బ అంటున్నావు. బాగానే తగిలింది.

ఇంతమందికి పళ్ళు పెట్టినదాన్ని. నాకు నోరు పెట్టలేదు నువ్వు.

నా సంతకం అడగలేదు కాబట్టి అడక్కుండానే చెప్తున్నాను. నేను ఒప్పుకోను. నాలుగు కథల్లోంచీ నన్ను తీసెయ్.

అక్క


జూలై 9

అక్కా,

నీ ఉత్తరం బస్సులో చదివి నేను దిగాల్సిన చోటు దాటిపోయాను.

నిన్ను తీసెయ్యడం నా వల్ల కాదు. నువ్వు లేకపోతే నాలుగు కథలూ నాలుగు దిక్కులకి పోతాయి. నీ కోపం ఎందుకో నాకు అర్థమైందనే అనుకుంటున్నాను. పళ్ళసెట్లు, ప్లాస్టరు, పొడి, ఇవన్నీ పదిమందీ చదువుతారని నామోషీగా ఉందేమో. ఉంటే చెప్పు, నీ పని మార్చేస్తాను. పై అంతస్తులో చిన్నపిల్లలకి చదువు చెప్పే టీచరుగా పెడతాను. కొంచెం దిద్దితే సరిపోతుంది.

పబ్లిషరుని ఆ మాట ఎందుకు కాదన్నానంటే, నీ కథ రాయాలంటే నువ్వు లోపల ఏమనుకుంటావో నాకు తెలియాలి. నలుగురి గురించీ ఊహించగలిగాను. నీ దగ్గరికొచ్చేసరికి నాకు చెయ్యి ఆడలేదు. చిన్నప్పట్నుంచీ నా తల దువ్విన మనిషి గురించి ఏం ఊహించను?

ఇక్కడ నా పని బాగాలేదు. పబ్లిషరు చివరి మాట చెప్పాడు. నాలుగు కథలూ అలాగే ఉంచుకోవచ్చట. హీరో కూడా అక్కర్లేదట. కానీ గేటు ఎవరు వేశారో తేలాలట. "చదివేవాడు అంతదూరం వచ్చాక ఉత్తచేతులతో పంపితే తిడతాడు. డాక్టరు వేశాడని రాయండి, అతనికే నప్పుతుంది" అన్నాడు. ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం రాస్తే వచ్చే నెలలో అచ్చుకి పంపుతాడు. ఇన్నాళ్ళూ ఒంటికాలి మీద నిలబడి కాదన్నాను, ఇప్పుడు అలిసిపోయాను. ఒక్క వాక్యమే కదా అనిపిస్తోంది. డాక్టరుగారు కూడా సంతోషిస్తారు.

నువ్వేమంటావు?

నీ
చెల్లి


జూలై 15

ఒసేయ్,

నేనేమంటానా? ఆ వాక్యం రాశావంటే ఇక నా ముందుకు రాకు.

గేటు వేసింది నేను.

ఇప్పుడు కూర్చుని చదువు. ఆ రోజు పొద్దున నేను ప్లాస్టరు కలిపి దవడల అచ్చులు పోశాను. పోసిన అచ్చు గట్టిపడేదాకా కదపకూడదు. కదిపితే బీటలిస్తుంది, మళ్ళీ ఆ మనిషిని పిలిచి నోట్లో పేస్టు పెట్టి కొలత తియ్యాలి. అందులో గార్డుగారి కింది దవడ ఉంది. అప్పటికి ఆయన నోట్లో ఒక్క పన్ను లేదు, నెలకి పైగా జావ తాగి బతుకుతున్నారు. కిటికీలోంచి చూస్తే లారీ ఆగింది. మనుషులు దిగి చొక్కా చేతులు మడుస్తున్నారు. వీళ్ళు పైకొస్తే ముందు నా బల్లే ఎత్తి బయట పడేస్తారు. నాకు బిల్డింగు గుర్తురాలేదు, న్యాయం గుర్తురాలేదు. నా అచ్చులు ఇంకా పచ్చిగా ఉన్నాయన్నదే గుర్తొచ్చింది. ఒళ్ళు మండిపోయింది. మందుల అలమరకి వేసే పెద్ద తాళం తీసుకుని కిందికి దిగి, గేటు లాగి, తాళం వేసి పైకొచ్చాను. ఎంతసేపు? నువ్వు ఒక పేజీ చదివేంతసేపు.

ఓనరు మేనేజరు మాత్రం అప్పటికే లోపల ఉన్నాడు. తాళంచెవి ఎవరి దగ్గరుందని గది గదికీ వెతకడం మొదలెట్టాడు. నా బల్ల సొరుగులు లాగాడు. నేను తాళంచెవిని గార్డుగారి కింది దవడలో, మెత్తగా ఉన్న ప్లాస్టరులోకి నొక్కేసి, పైన ఇంకో గరిటెడు పోశాను. "ఇదేంటి?" అని దాని మీద చెయ్యి పెట్టబోయాడు. దవడ అన్నాను. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మర్నాడు ఆర్డరు వచ్చాకే అచ్చు అడుగు గీకి తాళంచెవి తీసి, ఎవరూ చూడకుండా గేటు తెరిచాను.

డాక్టరుగారు ఎక్కడున్నారో తెలుసా? ఎక్స్‌రే గదిలో, లోపల గడియ పెట్టుకుని. ఆయన్ని నేనేమీ అనను, భయం ఎవరికి లేదు. సాయంత్రం బయటికొచ్చి, గేటు మూసి ఉండటం చూసి, అందరూ తన వైపు చూస్తుంటే నవ్వారు. అప్పుడు మొదలుపెట్టిన నవ్వు ఇప్పటిదాకా నవ్వుతూనే ఉన్నారు. టైలరు మిషను వదిలి, కత్తెర పట్టుకుని పై మెట్ల మీద నిలబడ్డాడు, అది నిజం. మేడమ్ పైనుంచి పోలీసులకి ఫోన్ చేసింది, అదీ నిజం. గార్డుగారు విజిలు ఊదారు, నోట్లో పళ్ళు లేక గాలి మాత్రం వచ్చింది. అందరూ ఏదో ఒకటి చేశారు.

ఎందుకు చెప్పలేదంటావు. ఎవరడిగారు? నువ్వడిగావా?

పనికి నామోషీ అంటావా నాకు? నన్ను టీచర్ని చేస్తావా? నా పనిలోంచి ఒక్క ప్లాస్టరు రేణువు తీసినా ఊరుకోను. నువ్వు నా గురించి ఊహించలేనంటే ఊహించకు. నాకు నోరుంది, చెయ్యీ ఉంది. నా కట్ట నేనే రాశాను. ఇందులో పెట్టాను. భాష నీ అంత నాజూగ్గా ఉండదు, నేను మాట్లాడినట్టే ఉంటుంది. మిగతా నాలుగు కథలతో పొసగని సంగతులుంటాయి, పొసగనీయకు. మందుల డబ్బాల మీద దిద్దుకో, దీంట్లో మాత్రం ఒక్క మాట దిద్దొద్దు.

అక్క


ఆగస్టు 11

అక్కా,

జవాబు ఆలస్యమైంది. నీ కథ చదివాక నా నాలుగు కథలూ మళ్ళీ మొదట్నుంచీ చదివాను. అవి నేను రాసినవే, ఒక్క అక్షరం మారలేదు, అయినా వేరే కథలైపోయాయి. డాక్టరుగారు నవ్వినప్పుడల్లా నాకు గడియ చప్పుడు వినపడుతోంది. నువ్వు ట్రే పట్టుకుని వస్తే, ఈ మనిషికి తెలుసు, ఎవరితోనూ అనడం లేదు అనిపిస్తోంది. ఇలాంటి పుస్తకాలు ఎందుకిష్టమో నీకు పెద్ద పాఠం చెప్పాను కదా, ఆ పాఠం నాకే సరిగ్గా రాలేదు. నాలుగు కథల మధ్యలో ఒక మనిషంత ఖాళీ పెట్టుకుని, దాన్నే అందం అనుకున్నాను.

ఒక్క మాట దిద్దలేదు. చెయ్యి దురద పెట్టింది, అయినా దిద్దలేదు.

ఐదు కథలూ పట్టుకుని పబ్లిషరు దగ్గరికెళ్ళాను. అతను నీ కథ చదువుతూ రెండుసార్లు నవ్వాడు, ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆఖర్న, "బావుంది కానీ ఇది వేరే చెయ్యి. భాష కలవడం లేదు. మీరు తిరగరాసి మీ నాలుగింటితో కలపండి, లేదా తీసెయ్యండి" అన్నాడు. కలవకపోవడమే దాని సంగతండీ అన్నాను. పుస్తకానికి ఒక గొంతుండాలి అన్నాడు. మా బిల్డింగుకి ఎప్పుడూ లేదండీ అన్నాను. అలాగైతే వెయ్యలేను అన్నాడు. సరే అని కాగితాలు నా సంచీలో పెట్టుకున్నాను. కిందికొచ్చాక ఆగి, హాయిగా ఊపిరి తీసుకున్నాను.

మా ప్రెస్సు యజమానితో మాట్లాడాను. సెలవు రోజుల్లో చిన్న మిషను వాడుకోమన్నాడు. ఐదు కథలూ ఐదు చిన్న పుస్తకాలుగా కుడుతున్నాను. వాటికి వరస అంకెలు వెయ్యను. ఐదింటినీ కలిపి ఒక అట్టపెట్టెలో పెడతాను. పెట్టెలు చెయ్యడం మాకు బాగా వచ్చు కదా, లోకంలో సగం దగ్గుమందు మా పెట్టెల్లోనే ఉంది. చదివేవాళ్ళు ఏది ముందు తీస్తే అదే మొదలు. డాక్టరుతో మొదలుపెట్టినవాడికి ఒక నవల, నీతో మొదలుపెట్టినవాడికి ఇంకో నవల. ఇదెక్కడి నవల అని ఎవడైనా అంటే అననీ. ఫోర్‌మన్ నీది మాత్రమే చదివి, మిగతావి అక్కర్లేదు అంటున్నాడు. కదిలే పన్నుకి నువ్వేమీ చెప్పలేదని అలక కూడా ఉంది.

ఒక్కటి మాత్రం నన్ను తినేస్తోంది. ఆ రోజు నేనూ ఆ బిల్డింగులోనే ఉన్నాను. అంత గొడవలో నేనెందుకు చూడలేదు? నువ్వు తాళం పట్టుకుని కిందికి దిగుతుంటే నేనెక్కడున్నాను అక్కా?

నీ
చెల్లి


సెప్టెంబరు 6

పుస్తకాల పురుగుకి,

పెట్టెలు అందాయి. ముందుగా డాక్టరుగారి సంగతి.

ఆయన ఇన్నేళ్ళలో ఎప్పుడూ నా వెనక గదిలోకి రాలేదు, నేనే ట్రే పట్టుకుని ముందుకి పోయేదాన్ని. మొన్న నా పుస్తకం చేత్తో పట్టుకుని వచ్చారు. కూర్చోడానికి చోటు లేదు, కుర్చీ మీద అచ్చులున్నాయి. నిలబడే, "ఎక్స్‌రే గది వాక్యం తీయించమ్మా" అన్నారు. తీయించను అన్నాను. "ఇది నా క్లినిక్కు" అన్నారు. కథ నాది అన్నాను. పళ్ళ మైనం చెక్కుతున్న కత్తి కింద పెట్టలేదు. ఉద్యోగం పోతే పోనీ, బయటికెళ్ళి గార్డుగారి డాబా మీద బల్ల వేసుకుంటానని అప్పటికప్పుడు అనుకున్నాను. ఆయన కుర్చీ మీది అచ్చు ఒకటి తీసి తిప్పి చూశారు. ఆ తర్వాత "నేను గడియ పెట్టుకుంది భయంతోటి కాదు" అన్నారు. మరి దేనితోటో రాసి మా చెల్లికి పంపండి, పెట్టెలో చోటుంది అన్నాను. ఇప్పుడు మధ్యాహ్నాలు పేషెంట్లని కూర్చోబెట్టి రాసుకుంటున్నారు. మేడమ్ టైపు కొడుతోంది. అన్నీ అబద్ధాలే అని ఆవిడ నాకు చెప్తోంది, ఆవిడే కామాలు పెడుతోంది. వచ్చినప్పుడు నువ్వు చదువు. నేను మాత్రం ఒప్పుకోను.

టైలరు పెట్టెకి గుడ్డ సంచీ కుట్టుకున్నాడు.

ఇక నీ ప్రశ్న. నేనెక్కడున్నాను అన్నావు.

మెట్ల మీద ఉన్నావు. మూడో మెట్టు మీద అడ్డంగా కాళ్ళు చాపి పుస్తకం చదువుతున్నావు. నేను తాళం పట్టుకుని దిగుతూ కాలు తియ్యమన్నాను. తీశావు. నేను గేటు లాగాను, అది ఎంత చప్పుడు చేస్తుందో నీకు తెలుసు. బయట లారీవాడు బూతులు తిట్టాడు. నేను పైకి వస్తూ మళ్ళీ కాలు తియ్యమన్నాను. మళ్ళీ తీశావు. తల ఎత్తలేదు. పేజీ తిప్పావు.

నీకు కోపం వస్తుందని తెలుసు, అయినా చెప్తున్నాను. ఇంకో కథ రాశాను. గేటు గురించి కాదు, మన ఇద్దరి గురించీ కాదు. మన మెట్లు కడిగే ఆవిడ గురించి. పోయినవారం ఆవిడని కూర్చోబెట్టి అడిగాను, టీ నేనే పోశాను. చాలా చెప్పింది. ఇందులో పెడుతున్నాను, అచ్చు వేసి పెట్టెలో చేర్చు.

ఆ కథలో నువ్వున్నావు. ఒక్క చోటే. బకెట్టు పట్టుకుని ఆవిడ వస్తుంటే, దారికి అడ్డంగా పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్లవి. కాళ్ళు తడుస్తాయమ్మా అంటుంది. కాళ్ళు ముడుచుకుంటావు. ఆవిడ నీ చుట్టూ కడుక్కుంటూ కిందికి పోతుంది. నీకు పేరు లేదు, మాట లేదు. అంతకంటే ఒక్క వాక్యం ఎక్కువ ఇవ్వను. నువ్వెంత అడిగినా సరే.

అక్క